తల తెగిన గోపురం

మా అక్క ఇంట్లో టీవీ పైన ఒక ఫోటో ఉంటుంది. 2009 ఎండాకాలంలో నేనే తీశాను. శ్రీకాళహస్తిలో దర్శనం చేసుకుని అప్పుడే బయటికి వచ్చాం. అక్క, బావ, ఇద్దరు పిల్లలు వరసగా నిలబడ్డారు. చిన్నదాని చేతిలో ప్లాస్టిక్ బూర, బావ నుదుటి మీద చెమటకు కారిన విభూతి. అందరి మొహాలూ బాగా వచ్చాయి. వాళ్ల వెనకాల బూడిదరంగు రాతి గోడ, దానిపైన నడుం దగ్గర తెగిపోయిన బొమ్మ ఒకటి. అంతే. ఆ రాతి గోడ శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం.

మరుసటేడు, 2010 మే 26న, ఆ గోపురం కూలిపోయింది. టీవీలో దుమ్మూ రాళ్ల కుప్పా చూపిస్తుంటే నేను లేచి కంప్యూటర్ తెరిచాను. ఆ ప్రయాణంలో తీసినవి నూటికి పైగా ఉన్నాయి. ఇడ్లీ ప్లేటు ఉంది, కారు అద్దంలో నా మొహం ఉంది, కోతి ఉంది. గోపురం మాత్రం కింది నుంచి పై దాకా ఒక్కదాంట్లోనూ లేదు. దాని పగుళ్ల గురించి ఊళ్లో అప్పటికే అనుకునేవారట. నా ఫోటోల్లో పగులు కనిపించడానికి ముందు గోపురం ఉండాలి కదా.

తిరుమల సంగతీ ఇంతే. గుడికి ఎదురుగా ఉండిన వేయికాళ్ల మండపాన్ని 2003లో తీసేశారు. మా తాత గుండుతో, కొత్త పంచెతో నిలబడిన పాత గ్రూపు ఫోటోలో ఆ మండపం స్తంభాలు నాలుగు పడ్డాయి. ఫోటోగ్రాఫర్ వాటిని కావాలని తీయలేదు, జనాన్ని సర్దుతుంటే పడ్డాయి. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే ముందు ఆ స్తంభాలనే చూస్తారు, తాతను ఆ తర్వాతే అడుగుతారు.

కాబట్టి ఈ అధ్యాయంలో నేను చెప్పేది మంచి కెమెరా గురించి కాదు. దారిలో ఒక పాత కట్టడం దగ్గర ఆగినప్పుడు, మళ్లీ వచ్చేసరికి అది ఉండకపోవచ్చు అనుకుని తీయడం గురించి. అలా తీయాలంటే నిదానం కావాలి, కొంచెం సిగ్గు విడవాలి. రెండూ నేర్చుకుంటే వచ్చేవే.

ఒక రోజు, ఒక రోడ్డు

మనవాళ్ల కారు ప్రయాణం ఎలా ఉంటుందో తెలిసిందే. పొద్దున ఐదుకు బయల్దేరి, కాణిపాకం, చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం, తిరుచానూరు, కాళహస్తి, కుదిరితే నాగలాపురం. రాత్రికి ఇల్లు. ఆరు చోట్లకు వెళ్లామని చెప్పుకోవచ్చు, కానీ ఏ చోటా గుర్తుండదు. నేను పెట్టుకున్న లెక్క రోజుకు రెండు కట్టడాలు. మూడోది దారిలో తగిలితే సరే, తగలకపోతే ఇంకా మంచిది.

పూతలపట్టు నుంచి నాయుడుపేట వెళ్లే రోడ్డు ఈ పనికి బాగా కుదురుతుంది. చంద్రగిరి, తిరుపతి, రేణిగుంట, ఏర్పేడు, కాళహస్తి అన్నీ ఆ ఒక్క దారం మీదే గుచ్చినట్టు ఉంటాయి. ఒక రోజు పడమటి కొస, ఇంకో రోజు తూర్పు కొస చూసుకోండి. చంద్రగిరి కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక గేటు దగ్గర నిలబడి తాళాన్ని ఫోటో తీసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

కెమెరా ఏది అని అడుగుతారు. మీ ఫోనే. కానీ దాన్ని కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. మే నెలలో మన ఎండకు అది కాలిపోయి, సరిగ్గా గోపురం ముందుకు వచ్చేసరికి కెమెరా తెరవనని మొండికేస్తుంది. లెన్సు మీద చెమట, విభూతి, పిల్లల వేలిముద్రలు ఉంటాయి. పాత మెత్తటి గుడ్డ ముక్క ఒకటి జేబులో పెట్టుకోండి. ఫోటో మసకగా వచ్చిందని ఫోన్ మార్చేసినవాళ్లు నాకు తెలుసు. తుడిస్తే పోయేది.

చంద్రగిరిలో ఒక మధ్యాహ్నం

రాజమహల్ దగ్గరికి మొదటిసారి మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లాను. మూడంతస్తుల మహలు, వెనక ఉత్త బండల కొండ, ముందు పచ్చిక. పైన చూస్తే గుడి శిఖరాల్లాంటి బురుజులు, కింద మసీదుల్లో కనిపించే కొనదేలిన కమానులు. రెండు సంప్రదాయాలు తగువు లేకుండా ఒకే గోడలో ఇమిడిపోయాయి. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కప్పుల్లో ఎక్కడా కొయ్య దూలం వాడలేదంటారు. ఇదంతా చదువుకునే వెళ్లాను. ఫోన్ ఎత్తి ముప్పై ఫోటోలు తీశాను. తెరలో చూసుకుంటే అట్టముక్కతో చేసిన బొమ్మ మహలులా ఉంది.

తోటలో నీళ్లు పడుతున్న పెద్దాయన నన్ను చూసి నవ్వాడు.

"ఇప్పుడేం తీస్తారు సార్, గోడంతా తెల్లగా కొడతా ఉండాది. నాలుగు దాటినాంక రాండి."

"అప్పటిదాకా ఏం చెయ్యాలన్నా?"

"ఊళ్లోకి పోయి సంగటి తినండి. మహలు యాడికీ పోదు."

ఈ చివరి మాట నిజం కాదని నాకు కాళహస్తి నేర్పింది. అయినా ఊళ్లోకి వెళ్లి తిని వచ్చాను. నాలుగూ పదికి అదే గోడ ఇంకో గోడ అయిపోయింది. ఎండ పక్కనుంచి పడుతోంది. ఒక్కో కమాను లోపల నీడ చిక్కబడింది. మధ్యాహ్నం అసలు కనిపించని సున్నపు పని, అంచుల వెంట తీగలు, చిన్న చిన్న గూళ్లు, ఉబ్బెత్తుగా బయటికి వచ్చాయి. ఒక మూల పూత ఊడిన చోట లోపలి ఇటుకలు కనిపించాయి. మన ఇప్పటి ఇటుకల కంటే పలచన, మధ్యలో సున్నం దాదాపు ఇటుకంత మందం. ఆ పెచ్చు ఊడిన మూలను దగ్గరగా తీసిన ఫోటోనే నేను మహలు మీద తీసినవాటిలో అందరికీ చూపిస్తాను. అందంగా ఉంటుందని కాదు. ఆ మహలు ఎలా నిలబడిందో అందులో తెలుస్తుంది.

కాబట్టి మొదటి పాఠం ఇది: వెళ్లగానే ఫోన్ తీయకండి. పది నిమిషాలు జేబులోనే ఉండనివ్వండి. నీడ ఎటు నుంచి ఎటు జరుగుతోందో చూడండి, అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడండి. రోజూ ఆ గోడను చూసేవాళ్లకు వెలుగు లెక్క మన యాప్‌లకంటే బాగా తెలుసు.

రాజమహల్‌కు పక్కనే రెండంతస్తుల రాణీమహల్ ఉంటుంది. పేరు రాణీమహలే గానీ కింది అంతస్తు గుర్రాల సాల అయి ఉంటుందని చెబుతారు. జనం రాజమహల్ ముందు సెల్ఫీ దిగి, ఇటు తిరగకుండానే కారెక్కుతారు. మీరు తిరగండి. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఏలిన రాజధాని ఇది. 1639లో ఇంగ్లీషు కంపెనీ తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డేకి సముద్రం ఒడ్డున కొంత నేల ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ చంద్రగిరి రాయల కింద ఉన్నవాడే. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే ఆ నేల చెన్నపట్నమైంది. ఇవాళ చిత్తూరు నుంచి ఉద్యోగాలకూ ఆసుపత్రులకూ మనం పరిగెత్తే మహానగరం మొదలు ఈ పచ్చిక దగ్గర ఉంది. ఈ సంగతి తెలిసి తీసే ఫోటో వేరుగా ఉంటుందా అంటే, ఉంటుంది. ఏది వదిలేయకూడదో తెలుస్తుంది.

ముందు ప్రదక్షిణ

ఏర్పేడు దాటి పాపానాయుడుపేట వైపు తిరిగితే గుడిమల్లం. పరశురామేశ్వరుడి గుడి. బయట నుంచి ఎదురుగా చూస్తే మామూలు పల్లె శివాలయంలాగే ఉంటుంది. నేను మొదటిసారి ముందు నుంచి రెండు తీసి, ఇంతేనా అనుకున్నాను. తర్వాత ప్రదక్షిణకు తిరుగుతూ వెనక్కి వెళ్లేసరికి ఆగిపోయాను. విమానం వెనక భాగం గుండ్రంగా తిరిగి ఉంది. గజపృష్ఠం అంటారు, కూర్చున్న ఏనుగు వీపులా. బౌద్ధ చైత్యాల్లో కనిపించే పాత పద్ధతి. ఎదురు నుంచి అది తెలియనే తెలియదు.

మన పెద్దవాళ్లు గుడిని చూసే పద్ధతిని నడకలోనే పెట్టేశారు. ఎడమ నుంచి కుడికి, చుట్టూ ఒకసారి. నేను ఇప్పుడు ఏ కట్టడమైనా, కోటైనా, జమీందారు బంగళా అయినా, ముందు వట్టి చేతులతో ఒక చుట్టు తిరుగుతాను. రెండో చుట్టులో తీస్తాను. నాలుగు మూలల్లో నాలుగు, ప్రతి పక్కా నేరుగా ఒకటి, తర్వాత దగ్గరికి వెళ్లి ద్వారబంధం, స్తంభం, పగులు, నీళ్లు పోయే తూము. ఇరవై లోపే అయిపోతుంది. ఎప్పుడైనా ఎవరైనా ఆ కట్టడాన్ని మళ్లీ నిలబెట్టాలంటే వాళ్లకు కావలసింది ఈ ఇరవయ్యే, నా సెల్ఫీ కాదు.

గుడిమల్లంలో అసలు అద్భుతం లోపల ఉంది. నేల కంటే కిందికి ఉన్న గర్భగుడిలో దాదాపు ఐదడుగుల లింగం, దాని ముందుభాగంలో నిలబడిన శివుడు. ఒక మరుగుజ్జు యక్షుడి భుజాల మీద కాళ్లు మోపి ఉంటాడు. కుడి చేతిలో తలకిందులుగా వేలాడే మేకపోతు, ఎడమ చేతిలో చిన్న కుండ, భుజాన గండ్రగొడ్డలి. క్రీస్తుకు పూర్వం నాటిదని ఎక్కువమంది పండితుల మాట. పూజ జరిగే మూర్తి, కాబట్టి నేను ఫోన్ తీయలేదు. బయటికి వచ్చి అరుగు మీద కూర్చుని నోటు పుస్తకంలో గీశాను. నా గీత ఘోరంగా ఉంటుంది, యక్షుడు కప్పలా వచ్చాడు. కానీ గీయడానికి కూర్చున్నాకే, ఏ చేతిలో ఏముందో గుర్తులేదని తెలిసి మళ్లీ లోపలికి వెళ్లి చూశాను. ఫోటో తీసి ఉంటే ఆ రెండోసారి వెళ్లేవాణ్ని కాదు. తీయకూడని చోట్ల ఇలా గీయండి, లేదా ఐదు వాక్యాలు రాయండి.

నియమాల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. తిరుమల గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, బయటే అప్పగించాలి. కొండ మీద డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన అలిపిరి దగ్గరే వదిలేయండి. పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో చేత్తో పట్టుకుని తీసుకోవడానికి సాధారణంగా అడ్డు చెప్పరు గానీ, ట్రైపాడ్ పెడితే అనుమతి కాగితం అడుగుతారు. మిగతా గుళ్లలో అర్చకుణ్ని అడగండి. "సామీ, ఈ స్తంభం ఒక్కటి తీసుకోవచ్చునా?" అంటే వద్దన్నవాళ్లు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయడమే. అడిగినందుకు, తాళం వేసి ఉన్న పాత మండపం తెరిచి చూపించినవాళ్లు అంతకంటే ఎక్కువమంది.

గోపురం వెనక్కి వాలకుండా

తిరుపతి గోవిందరాజస్వామి గుడి ముందు గోపురం అంత ఎత్తు. వీధి ఇరుకు. మనం కింద నిలబడి ఫోన్‌ను పైకి వంచుతాం. ఫోటోలో గోపురం వెనక్కి పడిపోతున్నట్టు, పైకి పోయేకొద్దీ సన్నబడిపోయినట్టు వస్తుంది. తప్పు గోపురానిది కాదు. ఫోన్‌ను వంచినందుకు అలా వస్తుంది.

ఫోన్‌ను నిటారుగా, గోడకు ఆనించిన పలకలా పట్టుకుని తీయండి. అలా తీస్తే పైభాగం పట్టదు కదా అంటారు. పట్టాలంటే వెనక్కి నడవాలి. మామూలు ఫోన్ లెన్సుతో, ఫోన్ నిలువుగా పట్టుకుంటే, గోపురం ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం చాలు. కింద సగం రోడ్డూ ఆటోలూ వస్తాయి, తర్వాత కత్తిరించుకోవచ్చు. అంత దూరం లేకపోతే పైకి ఎక్కండి. ఎదురు లాడ్జి మొదటి అంతస్తు వరండా, బట్టల కొట్టు మేడ, ఏదైనా. గోపురం నడుము ఎత్తుకు మీరు చేరితే సగం చిక్కు తీరిపోతుంది. నేను కాఫీ తాగి, బిల్లు కట్టి, మేడ మీదికి వెళ్లొచ్చా అని అడుగుతాను. ఇంతవరకు కాదన్నవాళ్లు లేరు, ఆరేసిన చీరలు పక్కకు జరిపిచ్చినవాళ్లు ఉన్నారు.

అల్ట్రావైడ్ అనే మీట మాత్రం నొక్కకండి. అన్నీ పడతాయి, ఏదీ నిజంలా ఉండదు. తెర మీద గ్రిడ్ గీతలు పెట్టుకోండి. ఆకాశం తెల్లగా పాలిపోతుంటే తెర మీద ఆకాశాన్ని వేలుతో తాకండి, వెలుగు సర్దుకుంటుంది. ఒక మనిషిని కట్టడం మొదట్లో నిలబెట్టండి, కెమెరాకు దగ్గరగా కాదు. ఎత్తు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

గుళ్లన్నీ తూర్పు ముఖం, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి అని లెక్క వేసుకుంటారు. చాలాచోట్ల నిజమే. కానీ కాళహస్తీశ్వరుడు పడమటి ముఖం. నాగలాపురంలో వేదనారాయణస్వామి కూడా పడమటి ముఖమే. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు పెట్టిన ఊరు అది. ఏటా మార్చి చివరి వారంలో, సాయంత్రం ఆరు దాటాక, సూర్యకిరణాలు వరస వాకిళ్లు దాటుకుని స్వామి మీద పడతాయి. ఒకరోజు పాదాలు, ఒకరోజు నాభి, ఒకరోజు శిరస్సు. మూర్తిని తీయనివ్వరు, తీయక్కర్లేదు కూడా. బయట ప్రాకారంలో నిలబడి, నేల మీద సాగిపోతున్న ఆ వెలుగు చారను, దాని కోసం మెడలు సాచిన జనాన్ని తీయండి. ఆ గుడి కట్టినవాళ్లకు రాతి కొలతలతో పాటు వెలుగు కొలతలు కూడా తెలుసు.

ఇంకో మాట. గుడిలో చెప్పులుండవు. మే నెలలో పదిన్నర దాటితే ప్రాకారం బండలు పెనంలా కాలుతుంటాయి. మంచి కోణం కోసం గెంతుతూ తీసిన ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి, అన్నీ కదిలినవే. వానలు పడ్డాక, కార్తీకం తర్వాత వెళ్తే కాళ్లూ చల్లగా ఉంటాయి, కొండలూ పచ్చగా ఉంటాయి. తడిసిన నల్లరాయి మీద చెక్కడం మరింత బాగా తేలుతుంది.

రాళ్ల మీద రాత

శాసనం కనిపిస్తే మనవాళ్లు సుద్దముక్కో విభూతో రాసి అక్షరాలు తెల్లగా చేస్తారు. దయచేసి వద్దు. నూనె అసలే వద్దు. రాయి చెడిపోతుంది. వెలుగు పక్కనుంచి పడే వేళకు వెళ్లండి, లేదా స్నేహితుణ్ని ఇంకో ఫోన్ టార్చి గోడకు ఆనించినట్టు పక్కన పట్టుకోమనండి. గంటు పడ్డ చోటల్లా నీడ నిలబడి అక్షరం లేచి వస్తుంది. ఎడమ నుంచి కుడికి, ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరుగుతూ వరసగా తీయండి. చదవడం రాకపోతే ఫరవాలేదు. తిరుమల గోడల మీదివి ఎక్కువ అరవంలో ఉన్నాయి, తెలుగు, కన్నడం, సంస్కృతం కూడా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి లాంటివాళ్లు ఓపికగా ఎత్తి చదివి పుస్తకాలుగా వేయబట్టే, ఏ రాజు ఎన్ని దీపాలకు ఎంత సొమ్ము ఇచ్చాడో మనం ఇవాళ చెప్పుకోగలుగుతున్నాం. ఎక్కడో పొలం గట్టున పడి ఉన్న రాతిని మీరు తీసిన ఫోటో కూడా అలా ఎవరికో పనికిరావచ్చు.

పొలం గట్లు అంటే గుర్తొచ్చింది. పేరున్న చోట్లను అందరూ తీస్తారు. కార్వేటినగరం పుష్కరిణి మెట్లు, గుర్రంకొండ కోట కింద రంగీన్ మహల్, పుంగనూరు జమీందారుల కట్టడాలు, మదనపల్లెలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన కళాశాల, ఇవి అంతగా తీయరు. ఇంకా కిందికి దిగితే మన ఊళ్లలోనే మిద్దె ఇళ్లు, దిగుడు బావులు, బాట పక్క సత్రాలు. వీటికి బోర్డూ లేదు, కాపలా లేదు, పడగొట్టడానికి ఒక పూట చాలు. కార్వేటినగరంలో నేను పుష్కరిణి గోడ తీస్తుంటే మేకలు తోలుకొచ్చిన అవ్వ, "ఏం నాయనా, ఆ పక్క గుడి ఉండాది గదా, ఈ గోడలో ఏముండాది?" అంది. మెట్ల మధ్య మొలిచిన రావి మొక్కను చూపించాను. అవ్వ దగ్గరికి వచ్చి చూసి, "ఇది పోయినేడు ఇంతే ఉన్నింది" అని వేలు చూపించింది. ఇప్పుడు మోచేయంత ఉంది. వచ్చే ఏడు మళ్లీ వచ్చి తీస్తానని చెప్పాను.

చివరిగా చేయాల్సిన పని లాడ్జి గదిలో, పడుకునే ముందు. రోజంతా తీసినవాటిలో ఇరవై ఉంచి మిగతావి కొట్టేయండి. ఉంచినవాటికి ఊరు, తేదీ, ఏ దిక్కు నుంచి తీశారో రాయండి. 'ఉత్తరం గోడ, వర్షం తర్వాత' చాలు. రేపు రాద్దామంటే రాయరు, నాకు తెలుసు. ఒక కాపీ ఫోన్‌లో కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి. ఏడాదికొకసారి ఐదో ఆరో ప్రింటు వేయించండి, అందులో రెండు ఆ ఊరికే పంపండి. చంద్రగిరి పెద్దాయనకు నేను ఇచ్చిన ప్రింటు చూసి, "గోడ వచ్చింది గానీ నా తోట రాలేదే" అన్నాడు. అది న్యాయమే.

కాళహస్తి కొత్త రాజగోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఆ తర్వాత అక్కవాళ్లతోనే మళ్లీ వెళ్లాను. 2009లో నిలబడిన చోటనే నిలబడమన్నాను. నేను మాత్రం వీధి వెంట వెనక్కి నడుస్తూ పోయాను. పూల కొట్టు దాటి, చెరుకు రసం బండి దాటి, ఒక మేడ మెట్లెక్కి, అక్కడి నుంచి తీశాను. గోపురం కలశాలతో సహా నిటారుగా వచ్చింది. కింద నలుగురు, చీమలంత.

అక్క ఫోన్ లాక్కుని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. "మేం యాడుండామురా ఇందులో?" అంది. చూపించాను. టీవీ మీద ఇప్పటికీ పాత ఫోటోనే ఉంది.